రెసిడెన్సీని ప్రేమకథ ఒక్కటే చెప్పి చూపించకండి

కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం బాగోగులు చూస్తున్న అధికారులకు, ఆ ఆవరణలో చదువు చెప్పే అధ్యాపకులకు, అక్కడికి జనాన్ని తీసుకొచ్చి కథ వినిపించే హెరిటేజ్ వాక్ నిర్వాహకులకు,

నమస్కారం.

ఆ భవనం ఇవాళ నిలబడి ఉన్నందుకు ముందుగా మీ అందరికీ కృతజ్ఞతలు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చినప్పుడు, ఇది మళ్లీ కోలుకుంటుందని నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పుడు మెట్లెక్కి, ఆరు కొరింథియన్ స్తంభాల మధ్య నుంచి దర్బారు హాల్లోకి వెళ్లి తలెత్తి చూస్తే, ఎంతమంది ఎంత ఓపికగా పనిచేశారో అర్థమవుతుంది. సిమెంటు పూసి, రంగులు కొట్టి, పని అయిపోయిందనిపించకుండా సున్నంతోనే మరమ్మతు చేయడం ఎంత తలనొప్పో పాత ఇల్లు ఉన్న ఎవరికైనా తెలుసు.

కాబట్టి నా ఫిర్యాదు కట్టడం గురించి కాదు. అక్కడ వినిపిస్తున్న కథ గురించి.

నేను వెళ్లిన రోజు మా గుంపుకు కథ చెప్పినాయన మంచి మాటకారి. కిర్క్‌పాట్రిక్ అనే తెల్లదొర, ఖైరున్నీసా అనే పెద్దింటి అమ్మాయి, ఆమె కోసం ఆయన మతం మారడం, పర్దాలో ఉండే భార్య పెద్ద భవనంలోకి రాలేదు కనుక ఆమె చూసుకోవడానికి తోటలో అచ్చం అలాంటిదే చిన్న నమూనా కట్టించడం. ఇంతే. కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత మెట్ల పక్కనున్న సింహాల దగ్గర ఫొటోలు, రీల్స్. ‘షాజహాన్ తాజ్‌మహల్ కట్టించినట్టు ఈయన ఇది కట్టించాడన్నమాట’ అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు. నేను చదివిన పుస్తకాల్లోనూ, ఇంటర్నెట్‌లో కనిపించే వీడియోల్లోనూ ఈ భవనం పేరు చెప్పగానే ముందుకొచ్చేది ఆ కథే కనుక, ఒక్క గైడ్‌ని తప్పుపట్టి లాభం లేదు.

తాజ్‌మహల్ పోలిక దగ్గర్నుంచే మొదలుపెడదాం. ఇది ఎవరో భార్య మీద ప్రేమతో కట్టించిన ఇల్లు కాదు. ఈస్టిండియా కంపెనీ రాయబారి (ఆయన్నే రెసిడెంట్ అనేవారు) దర్జాగా ఉండటానికి, నిజాం సొమ్ముతో లేచిన ఇల్లు. 1803లో పని మొదలైంది. ప్లాను గీసింది మద్రాసు ఇంజనీర్స్‌కు చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. స్థలం అడిగినప్పటి ముచ్చట ఒకటి చెప్పుకుంటారు. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద గీయించిన నక్షా చూపిస్తే నిజాం కాదు పొమ్మన్నాడట. తన రాజ్యం నక్షా కూడా ఇంతే ఉంటుంది కదా, అందుకే భయపడ్డాడు అని దివాను అసలు సంగతి చెప్పాక, అదే స్థలాన్ని చిన్న కార్డు మీద గీసి తీసుకెళితే వెంటనే ఒప్పుకున్నాడట. నిజమో కల్పనో గానీ నాకు ఆ ముచ్చట ఇష్టం. నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే అసలు విషయం ఉంది. కాగితం చిన్నదైనంత మాత్రాన పోయే భూమి చిన్నదవదు.

ఇంకో సంగతి. పని మొదలుపెట్టించిన కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు. ఈ దర్బారు హాల్లో ఆయన తీరిగ్గా కాపురం చేసింది లేదు. ఆ తర్వాత దాదాపు నూట నలభై ఏళ్లు ఒకరి తర్వాత ఒకరుగా రెసిడెంట్లు ఇక్కడ కూర్చుని ఒక రాజ్యాన్ని పక్క నుంచి నడిపించారు. వాళ్లలో ఒక్కరి పేరూ మాకు ఆ రోజు వినపడలేదు.

నేను కడప జిల్లా మనిషిని. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

1798లో నిజాం అలీ ఖాన్ కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన దగ్గరున్న ఫ్రెంచి అధికారుల పటాలాలను ఒక్క తూటా పేల్చకుండా నిరాయుధం చేయించిన ఘనత కిర్క్‌పాట్రిక్‌దే. అంటే నిజాంకు అంతదాకా ఉన్న సొంత బలం పోయి, కంపెనీ సైన్యమే దిక్కయింది. ఆ సైన్యం జీతభత్యాలు నిజాం ఇవ్వాలి. 1800లో ఆ సైన్యాన్ని ఇంకా పెంచి, దాని ఖర్చు కింద డబ్బుకు బదులు భూమి రాయించుకున్నారు. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన నేలంతా కంపెనీకి పోయింది. ఇప్పటి కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలులో కొంత భాగం. దత్తమండలాలు అని స్కూల్లో చదువుకున్నామే, అవే. ఆ ఒడంబడికను కంపెనీ తరఫున కుదిర్చింది కూడా ఈ ప్రేమకథలోని నాయకుడే.

అప్పటికి ఇప్పటి భవనం లేదు, నిజమే. కానీ రెసిడెంట్ ఆయనే, కొలువు అదే. మా ఊళ్ల తలరాత మారింది ఆ కొలువు చేతుల్లోనే. ఆ తర్వాతే థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు, రైత్వారీ శిస్తు వచ్చింది, పాలెగాళ్ల కోటలు పోయి తవర్జీలు (కంపెనీ ఇచ్చే భరణాలు) మిగిలాయి. ఆ తవర్జీ గొడవల్లోంచే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కాడు. కడప నుంచో నంద్యాల నుంచో ఎక్స్‌కర్షన్‌కి వచ్చిన పిల్లలు ఆ మెట్ల మీద నిలబడితే, ‘మీ జిల్లా కథ ఇక్కడ మలుపు తిరిగింది’ అని చెప్పేవాళ్లు ఉండొద్దా? దర్బారు హాల్లో ఒక మూల చిన్న పటం చాలు. ఏ ఏడాది ఏ ఒడంబడికతో ఏ నేల ఎవరి చేతికి పోయిందో రంగుల్లో చూపిస్తే పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. 1853లో బేరారు (ఇప్పటి విదర్భ వైపు నేల) పోయిన కథా అందులోనే వస్తుంది. సైన్యం ఖర్చు బకాయిల పేరుతో ఆ పత్తి నేలలను కంపెనీ తన పాలన కిందికి తెచ్చుకుంది.

పామర్ కంపెనీ సంగతి కూడా ఎవరైనా నాటకంలా చెప్పొచ్చు. నిజాం సర్కారుకు నూటికి ఇరవై నాలుగు, ఇరవై ఐదు వడ్డీకి అప్పులిచ్చిన వ్యాపార సంస్థ అది. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఆ లెక్కలు తవ్వాడు. గవర్నర్ జనరల్ దాకా పోయిన ఆ రచ్చలో చివరికి పామర్ కంపెనీ దివాలా తీసింది. దర్బారు హాలు అద్దాల గురించి అంతసేపు చెప్పిన నోటితో, ఆ అద్దాల ముందు ఏయే బేరాలు నడిచాయో కూడా ఓ రెండు మాటలు చెప్పొచ్చు కదా అనిపించింది.

ఇప్పుడు 1857. ఇదొక్కటి మాత్రం చూసీచూడనట్టు వదిలేయడం నాకు మింగుడుపడలేదు.

ఆ ఏడాది జులై 17, శుక్రవారం. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచే కంటింజెంట్ సైన్యంలో తిరగబడి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదా ఖాన్‌ను, ఆయన మనుషుల్ని నిజాం దివాను సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. వాళ్లను విడిపించాలని మౌల్వీ అలావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వంలో వందలమంది, ఎక్కువమంది రొహిల్లా పఠాన్లు, నగరం నుంచి కదిలి ఈ గోడల మీదికి వచ్చారు. పుత్లీబౌలీ వైపున్న ఇళ్లలో చేరి కాల్పులు జరిపారు. కానీ సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు. రెసిడెంట్ డేవిడ్‌సన్ ఫిరంగులు సిద్ధం చేసుకుని ఉన్నాడు. తెల్లారేసరికి అంతా అయిపోయింది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, శిక్ష పడింది, కాపలా నుంచి తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని తెచ్చి నగరంలో అందరికీ కనపడేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆయన అక్కడే చనిపోయాడు.

దాడి తర్వాత రెసిడెన్సీ గోడలు మరింత గట్టిపరిచారు. అంటే ఆ ఆవరణ చుట్టూ మనం చూసే కోటలాంటి తీరు వెనుక ఆ రాత్రి భయం ఉంది. బస్సు కోసం కోఠీలో నిలబడే వేలమందికి తుర్రేబాజ్ ఖాన్ పేరు ఒక రోడ్డు పేరుగా మాత్రమే తెలుసు. గోడ లోపలికి వచ్చినవాళ్లకు ఆ మాత్రం కూడా తెలియకపోతే ఎలా? పుత్లీబౌలీ వైపు గోడ దగ్గర నిలబెట్టి ఈ కథ చెప్పి చూడండి, రీల్స్ తీసే కుర్రాళ్లు కూడా ఫోను దించి వింటారు. సాలార్‌జంగ్ పాత్ర చెప్పడానికి కొందరికి మొహమాటంగా ఉండొచ్చు. మ్యూజియం కట్టుకున్నాం, పేరు గొప్పది. (మ్యూజియంలోని వస్తువులు చాలావరకు ఆయన మనవడు సేకరించినవి, అది వేరే కథ.) మొహమాటం లేకుండా చెప్పండి. ఆయన అలా చేయకపోతే హైదరాబాద్ ఏమయ్యేదో వాదించుకోవడానికి రెండు వైపులా మాటలున్నాయి. ఆ వాదన సందర్శకుల మధ్యే జరగనివ్వండి.

ప్రేమకథ తీసేయమని నేను అనడం లేదు. అది కూడా నిజంగా జరిగిందే. కిర్క్‌పాట్రిక్‌కు నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. పారశీకం మాట్లాడేవాడు, ఇక్కడి వేషం వేసేవాడు, ఇక్కడి ఇంటి అల్లుడయ్యాడు. ఆ పెళ్లి మీద గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ వేయించాడు. చివరి ఏళ్లలో నిజాం పట్ల వెల్లస్లీ పెత్తనం చూసి కిర్క్‌పాట్రిక్‌కే మనసు విరిగింది. మనిషిని మనిషిగానే చెప్పాలి. అటు ప్రేమించాడు, ఇటు రాజ్యాన్ని రాయించుకున్నాడు. రెండూ ఒకే మనిషి చేసిన పనులు, రెండూ వినాలి.

పైగా మీరు చెప్పే ప్రేమకథ కూడా సగంలోనే ఆగిపోతోంది. ఖైరున్నీసా పుట్టింది 1786 ప్రాంతంలో. ఆయన పుట్టింది 1764లో. పెళ్లి 1800 ఆ దరిదాపుల్లో. లెక్క వేసుకోండి. ఆ కాలంలో అది మామూలే అని మీరు అనొచ్చు, సరే. కానీ ఆ వయసు చెప్పకుండా ‘అమర ప్రేమ’ అని చెప్పడం, అదీ ఆడపిల్లల కాలేజీ ఆవరణలో నిలబడి చెప్పడం, నాకు ఇబ్బందిగా ఉంది. 1805లో పిల్లలిద్దరినీ చదువుల కోసం ఇంగ్లండు ఓడ ఎక్కించారు. పాపకు అప్పటికి మూడేళ్లు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. భర్త పోయాక ఆమె కలకత్తా వెళ్లింది. అక్కడ ఆమెకు అండగా నిలిచినట్టే నిలిచి దగ్గరైనవాడు హెన్రీ రస్సెల్, భర్త దగ్గర పనిచేసిన అధికారి. హైదరాబాద్ తిరిగి రానివ్వకపోతే ఆమె మచిలీపట్నంలో ప్రవాసం గడిపింది. రస్సెల్ ఆమెను వదిలేసి మద్రాసులో వేరే పెళ్లి చేసుకున్నాడు. ఆమె 1813లో హైదరాబాద్‌లో, ఇరవై ఏడేళ్ల వయసులో చనిపోయింది. ఆమెను వదిలేసిన ఆ రస్సెలే తర్వాత రెసిడెంట్ అయి, 1820 దాకా ఈ భవనంలోనే కొలువు తీరాడు.

ఇదీ కథ. బందరులో ఎదురుచూస్తూ గడిపిన ఒక యువతి గురించి బందరువాళ్లకైనా ఎవరైనా చెప్పారా? తోటలో నమూనా చూపించేటప్పుడు ‘అని చెప్పుకుంటారు’ అన్న మాట ఒకటి కలపండి. ఆమె ఉన్న రంగ్ మహల్‌ను తర్వాతి రెసిడెంట్ల కాలంలోనే కూలగొట్టేశారని కూడా చెప్పండి. ప్రేమ కోసం కట్టారని చెప్పే బొమ్మ మిగిలింది, ఆమె నివసించిన ఇల్లు పోయింది.

అన్నిటికన్నా తక్కువ మాట్లాడేది మాత్రం ఈ ఇంట్లో ఆ తర్వాత చాలాకాలం గడిపినవాళ్ల గురించి. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణకు వచ్చింది. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాదైనా నిండిందో లేదో. రెసిడెంట్లు విందులు చేసిన గదుల్లో ఆడపిల్లలు హాజరు పలికారు, నోట్సు రాసుకున్నారు, పరీక్షల టెన్షన్ పడ్డారు. కప్పు పెచ్చులు రాలుతున్నా అక్కడే చదివారు. తెలంగాణ పల్లెల నుంచి తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు ఎందరో. 2022లో ఇది మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. పాలకుర్తిలో తాను పండించిన గింజ తన ఇంటికే రావాలని విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన ఐలమ్మ పేరు, కంపెనీ రాజముద్ర ఉన్న భవనానికి! దీనికన్నా గొప్ప మలుపు ఏ కథకుడు పుట్టించగలడు? మాకు కథ చెప్పినాయన ఆ సంగతి ఎత్తనే లేదు.

అందుకే నా మొదటి విన్నపం ఇక్కడి విద్యార్థినుల గురించి. చరిత్ర, తెలుగు, ఉర్దూ, టూరిజం చదివే అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, సరైన పారితోషికం ఇచ్చి, వాళ్లనే గైడ్లుగా పెట్టండి. ‘ఇంటర్న్‌షిప్’ అని చెప్పి సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపేయకండి. ఇక్కడ చదివి రిటైరైన అమ్మలు, అమ్మమ్మలు నగరంలోనే బోలెడంతమంది ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయించి ఒక గదిలో వినిపించండి. 1950ల్లో ఆ మెట్లెక్కిన ఆడపిల్ల ఏం చూసిందో చెప్పగలిగిన గొంతులు ఏటేటా తగ్గిపోతున్నాయి కనుక ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

బోర్డులు తెలుగులో, ఉర్దూలో ముందు రాయించి, ఇంగ్లిషు ఆ తర్వాత పెట్టండి. ఇంగ్లిషు బోర్డును యంత్రంతో తెలుగు చేయిస్తే ఏం వస్తుందో మనందరం రోడ్ల మీద చూస్తూనే ఉన్నాం. కట్టిన చేతుల గురించి కూడా ఒక బోర్డు ఉండాలి. ఆ స్తంభాలు చూడటానికి రాతివిలా ఉన్నా, ఇటుక మీద సున్నపు పూత. నునుపు తేలేదాకా పామిన మేస్త్రీల పేర్లు మనకు దక్కలేదు. కానీ వాళ్ల పనితనం ఎలాంటిదో, డంగు సున్నం ఎలా తయారవుతుందో, బెల్లం, కరక్కాయ నీళ్లు ఎందుకు కలుపుతారో ఒక మూల చూపించొచ్చు. మరమ్మతు చేసినవాళ్లలో ఆ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల పేర్లయినా రాయండి.

సర్కారు బడుల పిల్లలకు వారంలో ఒక రోజు ఉచితంగా కేటాయించండి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకు పక్క దారి ఎటుందో గేటు దగ్గరే రాసిపెట్టండి. షూటింగులకు, విందులకు అద్దెకివ్వాలన్న ఒత్తిడి తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు క్లాసులకు ఇబ్బంది లేకుండా, చెక్క నేల మీద జనం బరువు పడకుండా ఉండే నియమం ముందే కాగితం మీద పెట్టుకోండి. ఫోను వచ్చాక నియమం రాయడం మన దగ్గర కుదరదు.

‘జనం ప్రేమకథ కోసమే వస్తారమ్మా, ఒడంబడికలు ఎవరు వింటారు’ అని మీలో ఒకరు అనొచ్చు. రానివ్వండి. గేటు దగ్గర ప్రేమకథతోనే మొదలుపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేలోపు తుర్రేబాజ్ ఖాన్ పేరు, దత్తమండలాల పటం, మచిలీపట్నం సంగతి, ఐలమ్మ పేరు ఎందుకొచ్చిందో వినకుండా వెళ్లకూడదు. గంటన్నర నడకలో ఇవన్నీ ఇముడుతాయి. ఫొటోలకు ఇచ్చే సమయం పావుగంట తగ్గిస్తే చాలు.

బోర్డుల్లో ఏం రాయబోతున్నారో ఖరారు చేసే ముందు ఆ ముసాయిదాను నెలరోజులు అందరికీ అందుబాటులో పెట్టండి. చరిత్ర అధ్యాపకులు చూస్తారు, పాత విద్యార్థినులు చూస్తారు, మా సీమవాళ్లమూ చూస్తాం. తెలుగు ప్రూఫులు దిద్దే పని నాకు అలవాటే. పిలిస్తే ఎర్ర పెన్ను పట్టుకుని వస్తాను, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
కడప నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన ఒక సందర్శకురాలు